రెండు చప్టాల మధ్య

ఆ చప్పుడు ముందురోజు మధ్యాహ్నం నుంచే ఉంది. టిక్, టిక్ అంటూ, పళ్ళ సందున చిక్కిన పీచులా ఒక పట్టాన వదలడం లేదు. ధనలక్ష్మి సైకిలు వెనక చక్రం దగ్గర నుంచి వస్తోంది. వెనకే తొక్కుతున్న ప్రత్యూష చెవిన పడిన ప్రతిసారీ ఆమె చూపు ఆ చక్రం మీదకే పోతోంది.

వాళ్ళిద్దరూ వదినా ఆడబిడ్డలు. ధనలక్ష్మికి నలభై మూడేళ్ళు. కొడవలూరు దగ్గర ఒక హైస్కూల్లో డ్రిల్లు టీచరు. పెళ్ళికి ముందు జిల్లా జట్టులో కబడ్డీ ఆడిన మనిషి. ప్రత్యూషకు ఇరవై ఏడు, ఇంట్లో కూర్చుని చేసే కంప్యూటర్ ఉద్యోగం. మూడేళ్ళ కిందట సైకిళ్ళ పిచ్చి ముందు ప్రత్యూషకు పట్టింది. ఆమె నుంచి వదినకు అంటుకుంది. దసరా సెలవులు కలిసొచ్చాయని ఇద్దరూ మచిలీపట్నంలో బయల్దేరి, సముద్రం వెంబడి దార్లు పట్టుకుని, సూళ్లూరుపేట దాకా ఏడు రోజుల ప్రయాణం పెట్టుకున్నారు. ఇది ఐదో రోజు.

"బండ్ల సంగతి నేను చూసుకుంటా. నువ్వు తొక్కితే చాలు వదినా," అని బయల్దేరే ముందు ప్రత్యూష మాటిచ్చింది. అన్న ప్రవీణ్ ముందర కూడా అదే మాట గట్టిగా చెప్పింది. అందుకే ముందురోజు జరిగింది బయటపెట్టలేకపోయింది.

జరిగింది చిన్న విషయమే. టీ కొట్టు దగ్గర వదిన లోపల మొహం కడుక్కుంటుంటే, ఎండలో ఉన్న ఆమె సైకిలును ప్రత్యూష నీడలోకి జరిపి కరెంటు స్తంభానికి ఆనించింది. అది జారి కుడి పక్కకు రాళ్ళ మీద పడింది. గేరు ఉండేది ఆ పక్కనే. చెయిన్‌ను ఒక పళ్ళచక్రం మీద నుంచి ఇంకో పళ్ళచక్రం మీదకు జరిపే ఆ సరంజామా అంతా బొటనవేలంత అల్యూమినియం ముక్క మీద వేలాడుతూ ఉంటుంది. ఆ ముక్క లోపలికి వంగింది. ప్రత్యూష గబగబా చేత్తోనే లాగి సరిచేసింది. చూపుకు సరిగ్గానే కనిపించింది. వదిన బయటికొచ్చేసరికి ఏమీ ఎరగనట్టు టీ తాగుతూ కూర్చుంది. ఆ తర్వాత బండి కదలగానే మొదలైంది, టిక్ టిక్.

పదకొండింటికి ప్రవీణ్ ఫోను చేశాడు. అప్పటికి వాళ్ళు విడవలూరుకు ఉత్తరాన, రొయ్యల గుంటల మధ్య దారిలో ఉన్నారు. ఆకాశం తూర్పున సిరా ఒలికినట్టు నల్లబడుతోంది.

"యాడుండారు మీరు? వాన రేపని చెప్పినోళ్ళు ఇయ్యాళే అంటుండారు. వాయుగుండం ఇటు తిరిగిందంట. గమ్మున హైవే ఎక్కేయండి."

ధనలక్ష్మి సైకిలు దిగి చుట్టూ చూసింది. "వెనక్కి పోదాం పా. హైవేకి పదారు కిలోమీటర్లు. నిదానంగా పోయినా గంటన్నర."

ప్రత్యూష ఫోన్లో మ్యాపు తీసి చూపించింది. "ముందుకు పోతే తొమ్మిదే వదినా. పాలెంలో తుఫాను షెల్టరు ఉంది. ఆడ్నించి విడవలూరుకి మంచి రోడ్డు. గాలి కూడా వీపునుంచి తోస్తాది."

చెప్పిన మాటల్లో అబద్ధం లేదు. చెప్పని మాట ఒకటుంది. ఆ పదహారు కిలోమీటర్లూ గుంతల దారి. ఆ దారిన గేరు ఊడితే వదిన ఎందుకు ఊడిందని అడుగుతుంది. ఆ ప్రశ్నకు జడిసి ప్రత్యూష ముందుకే పోదామంది. ధనలక్ష్మి ఒక క్షణం ఆగి, "నీ ఇష్టం. దార్లు నీకే తెల్సు," అని పెడలు మీద కాలు పెట్టింది.

ఆ దారిలో ఉప్పుటేరు రెండు పాయలుగా చీలి సముద్రంలోకి పోతుంది. ఒక్కో పాయ మీద, వరదొస్తే నీళ్ళు పైనుంచే పారే ఒక్కో చప్టా. వాటి మధ్య మూడు కిలోమీటర్ల ఇసుక నేల, సరుగుడు తోపులు. ఊరన్నది లేదు.

మొదటి చప్టా చేరేసరికి సన్న జల్లు మొదలైంది. సిమెంటు దారి మీదుగా చీలమండల లోతున నీళ్ళు పారుతున్నాయి. రెండు పక్కలా తెలుపూ ఎరుపూ పట్టీలు వేసిన గుర్తు రాళ్ళు వరసగా కనిపిస్తున్నాయి. ప్రత్యూష ముందు దిగింది. నీళ్ళు టైర్లను పక్కకు నెడుతున్నా ఆగకుండా తొక్కి అవతలి గట్టెక్కింది. సైకిలు ఆనించి వెనక్కి తిరిగింది.

ధనలక్ష్మి సగం దాటింది. చప్టా అక్కడ కొంచెం పల్లంగా ఉండి నీళ్ళు పిక్కల పైదాకా వస్తున్నాయి, తర్వాత మెల్లగా పైకి లేస్తుంది. నీళ్ళ ఒత్తిడికి బండి బరువెక్కింది. తేలిక గేరులోకి మార్చడానికి ఆమె బొటనవేలితో మీట నొక్కింది.

కణుపు దగ్గర చెరుకు గడ విరిగినట్టు పెళ్ళున చప్పుడైంది. వెనక చక్రం ఉన్నచోటే బిగుసుకుపోయింది. ధనలక్ష్మి ఒక పక్కకు ఒరిగి నీళ్ళలో పడింది.

"ప్రత్తూ! చక్రం తిరగడంలా! ఇది తిరగడంలా!"

ధనలక్ష్మి మోకాళ్ళ మీద లేచింది. రెండు చేతులతో సైకిలును కావలించుకుని ఉంది. చక్రానికి అటూ ఇటూ కట్టిన సంచులకు నీళ్ళు తగిలి, బండి అడ్డంగా తిరిగి ఒక గుర్తు రాయికి ఆనింది. ఆ రాయి అవతల చప్టా లేదు. ఏరే.

ధనలక్ష్మికి ఈత రాదు. ఆ సంగతి ప్రత్యూషకు తెలుసు. ఊళ్ళో బావిలో పిల్లలందరూ దూకుతుంటే వదిన గట్టు మీద తువ్వాళ్ళు పట్టుకుని కూర్చునేది. ప్రత్యూష నీళ్ళలోకి పరిగెత్తింది. పరిగెత్తానని అనుకుంది గానీ కాళ్ళు అడుగు తర్వాత అడుగు ఈడ్చుకుంటున్నాయి.

"సైకిలు వదిలెయ్ వదినా!"

"వదిలితే కొట్టుకుపోతా! దీన్ని పట్టుకునే ఉండా నేను!"

ఆ మాట నిజమే. బండి రాయికి అడ్డుపడి ఉంది, ఆమె బండికి అడ్డుపడి ఉంది. ప్రత్యూష వంగి ఏటి వైపు సంచి కొక్కెం తడుముకుంటూ తీసింది. వేళ్ళు మాట వినడం లేదు. మూడోసారికి ఊడింది. బట్టలూ దుప్పట్లూ ఉన్న ఆ సంచి ఒక్క దొర్లు దొర్లి కనపడకుండా పోయింది. బరువు తగ్గి బండి లేచింది. ప్రత్యూష వెనక భాగం ఎత్తి పట్టుకుంది. ధనలక్ష్మి హ్యాండిలు పట్టుకుని, ఒక్కో రాయీ లెక్క పెట్టుకుంటున్నట్టు గట్టుకేసి నడిచింది. గట్టెక్కాక ఇద్దరూ ఇసుకలో కూలబడ్డారు. ధనలక్ష్మి పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. అది చలి కాదు.

ఫోన్లో సిగ్నల్ పోయింది. పన్నెండూ పదయింది. గుర్తు రాళ్ళ మీద కింది ఎరుపు పట్టీ మునిగిపోయిందని ప్రత్యూష గమనించింది. ఇందాక వాళ్ళు వచ్చేటప్పుడు అది నీళ్ళకు జానెడు పైన ఉంది.

"వెనక్కి పోలేం," అంది మెల్లగా.

"ముందర ఇంకోటి ఉందన్నావు కదా."

"ఉంది."

"అదీ ఇట్టానే ఉంటే?"

రెండో చప్టా కూడా మునిగితే ఈ మూడు కిలోమీటర్ల ఇసుకలో, విరుచుకుపడే గాలిలో, సముద్రం పక్కన వాళ్ళిద్దరే మిగులుతారు. తోపులో సరుగుడు చెట్లు అప్పుడే ఒక పక్కకు వాలుతూ, ఏదో పెద్ద జంతువు ఊపిరి తీస్తున్నట్టు హోరెత్తుతున్నాయి.

చక్రం తిప్పి చూసింది. వంగిన ముక్క విరిగింది. గేరు మొత్తం చక్రం ఊచల్లోకి దూరి చుట్టుకుపోయింది. మూడు ఊచలు తెగి వేలాడుతున్నాయి.

"నీది బాగానే ఉంది కదా," అంది ధనలక్ష్మి. "నువ్వు పో. పొయ్యి మనుషుల్ని తీసుకురా."

"నిన్నీడ వదిలి యాడికి పోను? నేను అటు దాటినాక నీళ్ళు లేస్తే మళ్ళా ఎట్టా వస్తా?"

నడిస్తే ముప్పావు గంట. గాలి వీపునుంచి తోస్తుంది కాబట్టి తొక్కగలిగితే పావుగంట కూడా పట్టదు. ప్రత్యూష పనిముట్ల సంచి విప్పింది. గేరు పోయినా చెయిన్‌ను పొట్టి చేసి, నడిమి పళ్ళచక్రం మీద నేరుగా బిగిస్తే మామూలు సైకిలులా నడుస్తుంది. వీడియోల్లో చాలాసార్లు చూసింది. ఒకసారి ఇంట్లో, ఫ్యాను కింద, చేసి కూడా చూసింది.

ఊచల్లో నుంచి గేరును పీకేసింది. చెయిన్ విప్పింది. వర్షం ఇప్పుడు ఏటవాలుగా, చెంపలు మండేలా కొడుతోంది. ధనలక్ష్మి రెయిన్‌కోటు విప్పి ఆమె చేతుల మీద పందిరిలా పట్టుకుంది. చెయిన్‌లో లింకులు తీసే పనిముట్టు తడి చేతుల్లో జారుతోంది. కొలత చూసి ఒకచోట తెగ్గొట్టి కలిపింది. పెడలు తిప్పగానే చెయిన్ వదులై ఊడి పడింది. మళ్ళీ విప్పాలి. ఏటికేసి చూడకూడదు అనుకుంటూనే చూసింది. రెండో పట్టీ కూడా లేదు.

ఉన్నట్టుండి ఆమె చేతులు ఆగిపోయాయి.

"వదినా, నిన్న టీ కొట్టు కాడ నీ బండి నేనే పడేసినా. గేరు వంగింది. నీకు చెప్పలా."

తల మీద పందిరిలా ఉన్న రెయిన్‌కోటు కదల్లేదు. ప్రత్యూష తల ఎత్తలేకపోయింది.

"ముందు అది బిగించు," అంది ధనలక్ష్మి. గొంతులో ఏమీ లేదు, కోపం కూడా.

ఇంకో రెండు లింకులు తీసింది. ఈసారి చెయిన్ బిగువుగా కూర్చుంది. చక్రం వంకర్లు పోతూ బ్రేకు రబ్బర్లకు రాసుకుంటోంది. వెనక బ్రేకు తీగ విప్పేసింది. ఇక ధనలక్ష్మికి ముందు బ్రేకు ఒక్కటే దిక్కు. తెగిన ఊచల్ని పక్క ఊచలకు మెలిపెట్టి, "ఎక్కు వదినా. గట్టిగా తొక్కొద్దు, ఆపొద్దు," అంది.

దారి కనిపించడం లేదు. ముందు పోతున్న వదిన వీపు మీది పసుపుపచ్చ కోటు ఒక్కటే కనిపిస్తోంది. ఆ వంకర చక్రం తాగినవాడి నడకలా ఊగుతోంది. ఒకచోట విరిగిన కొమ్మ వాళ్ళిద్దరి మధ్యా పడింది. రెండు క్షణాల తేడా. ఇంకోచోట చెయిన్ ఊడింది. ధనలక్ష్మే దిగి వేళ్ళతో ఎక్కించి, నల్లటి చేతులు ట్రాకు ప్యాంటుకు తుడుచుకుని, వెనక్కి చూడకుండానే మళ్ళీ ఎక్కింది.

రెండో చప్టా దగ్గర ఇద్దరూ ఒకేసారి ఆగిపోయారు.

ఇక్కడ ఏరు ఇంకా వెడల్పు. నీళ్ళు మోకాళ్ళ లోతున, ఎర్రగా, సుళ్ళు తిరుగుతూ పోతున్నాయి. గుర్తు రాళ్ళ తలలు మాత్రం పైకి ఉన్నాయి. అవతలి గట్టు మీద ఒక ట్రాక్టరు, దాని వెనక తగిలించిన ట్రక్కులో పదిమంది దాకా మనుషులు. రొయ్యల గుంటల కాపలావాళ్ళను పాలెం చేరవేస్తున్న బండి అది. నడిపే మనిషి వీళ్ళ కోట్లు చూసి స్టీరింగు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"అక్కా! సైకిళ్ళు వొద్దు! మనుషులు మటుకే రాండి! బిన్నా రాండి, నీళ్ళు లేస్తుండాయి!" అని రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు. తర్వాత ట్రాక్టరు కొక్కేనికి వలతాడు కట్టి, రెండో కొస నడుముకు చుట్టుకుని, నీళ్ళలోకి దిగాడు. నడిమి దాకా వచ్చేసరికి తాడు అయిపోయింది. అక్కడే నిలబడి చెయ్యి చాచాడు. వాళ్ళకూ అతనికీ మధ్య ఇరవై ఇరవై అయిదు అడుగుల దూరం మిగిలింది.

ధనలక్ష్మి బురదలో చతికిలబడింది.

"నావల్ల గాదు. మళ్ళా ఆ నీళ్ళలోకి నేను రాను ప్రత్తూ. నువ్వు పో."

ప్రత్యూషకు ధైర్యం చెప్పే మాటలు చాలా వచ్చు. ఐదు రోజులుగా అవే చెబుతోంది. 'ఏం కాదు వదినా, నేనున్నా కదా' అనబోయింది. నోరు తెరిస్తే ఏడుపు వచ్చింది.

"నాక్కూడా భయంగా ఉంది. నాకేం తెలీదు వదినా. ఏం చెయ్యాల్నో నాకు తెలీదు."

చిన్నపిల్లలా వెక్కుతూ నిలబడింది. ధనలక్ష్మి ఆమె వంక చూసింది. ఇరవై ఏళ్ళుగా గ్రౌండులో మోకాలు చెక్కుకుపోయి ఏడ్చే పిల్లల్ని చూసిన చూపు అది. నేల మీద చెయ్యి ఆనించి లేచింది.

"ఏడుపు ఆపు. చెయ్యి ఇటియ్యి. వేళ్ళు కాదు మే, మణికట్టు. నాది నువ్వు, నీది నేను. నేను వదిలినా నువ్వు వదలొద్దు, నువ్వు వదిలినా నేను వదల్ను. నీళ్ళకి ఎదురుగా మొగం పెట్టు. పక్కకి అడుగు. ఒకరు నిలబడినాకే ఇంకొకరు కదలాల."

దిగారు. ఒక అడుగు. ఇంకో అడుగు. నీళ్ళు తొడలకు వచ్చాయి. కాళ్ళ కింద సిమెంటు ఉందో ఇసుక ఉందో తెలియడం లేదు. ధనలక్ష్మి కళ్ళు ట్రాక్టరు మనిషి ముఖం మీదే ఉన్నాయి. ఆమె పెదవులు కదులుతున్నాయి. అంకెలు పలుకుతోంది.

పదిహేనో పదహారో అడుగులో ప్రత్యూష కాలి కింద ఏమీ లేదు. చప్టాలో కోసుకుపోయిన గుంట అది. చప్పున మునిగింది. కళ్ళు, ముక్కు, చెవులు అన్నీ ఉప్పగా నిండిపోయాయి. ఏరు ఆమెను నిలువునా లాగింది. పైకీ కిందకీ తేడా తెలియలేదు. తెలిసిందల్లా ఒక్కటే, కుడి మణికట్టు మీద ఎముక విరుగుతుందేమో అన్నంత పట్టు. చచ్చిపోతున్నాను అన్న ఆలోచన చాలా స్పష్టంగా, తన గొంతుతోనే, ఎవరో పక్కన చెప్పినట్టు వినపడింది.

ఆ పట్టు ఆమెను ఈడ్చింది. తల నీళ్ళ పైకొచ్చింది. ధనలక్ష్మి రెండు కాళ్ళూ ఎడంగా పాతి, నడుము వెనక్కి వాల్చి, నోరు తెరిచి అర్థం లేని అరుపు ఒకటి అరుస్తూ లాగుతోంది. ట్రాక్టరు మనిషి తాడు తెగేలా ముందుకు వంగి ధనలక్ష్మి కోటు అందుకున్నాడు. ఆ తర్వాత ఎవరు ఎవరిని లాక్కున్నారో ప్రత్యూషకు గుర్తు లేదు. ట్రక్కులో పడుకుని నీళ్ళు కక్కుకుంటుంటే, మీద ఎవరో యూరియా సంచి కప్పారు.

"ఇదే ఆఖరు ట్రిప్పు అక్కా," అన్నాడు ఆ మనిషి. అతని పేరు హెబ్రోను. "ఇంజను తిప్పి పోబోతా ఉండా. ఇంకో అయిదు నిమిషాలు ఆలస్యమయ్యుంటే మేం ఈడ ఉండేవాళ్ళం గాదు."

షెల్టరు స్తంభాల మీద కట్టిన పెద్ద హాలు. పాలెం అంతా అక్కడే ఉంది. హెబ్రోను భార్య కరుణాకుమారి వాళ్ళిద్దరికీ తన చీరలు ఇచ్చి, పెద్ద గిన్నెలో చేసిన ఉప్మా ఆకులో పెట్టించింది. "ప్రభువు మిమ్మల్ని మాకు అప్పజెప్పినాడు, తినండి," అంది. సాయంత్రానికి గాలి కిటికీ రెక్కల్ని గుద్దడం మొదలుపెట్టింది. లోపల పసిపిల్లలు ఏడుస్తున్నారు. ఎవరో ఒకరి ఫోనుకు సిగ్నల్ అందితే ధనలక్ష్మి భర్తతో మాట్లాడింది. "బాగుండాం. బండ్లు పొయినాయి. నీ చెల్లెలు బాగుంది." అంతే. గేరు మాట ఎత్తలేదు.

ప్రత్యూష గోడవారన కూర్చుని ఉంది. ఎంత దుప్పటి చుట్టుకున్నా వణుకు ఆగడం లేదు. కళ్ళు మూస్తే కాలి కింద ఏమీ లేకపోవడం మళ్ళీ మళ్ళీ వస్తోంది. వదిన వచ్చి పక్కన కూర్చుంది. ఇప్పుడు తిడుతుంది అనుకుంది. తిడితే బాగుండుననుకుంది.

"నాకూ వినపడింది ఆ చప్పుడు," అంది ధనలక్ష్మి.

ప్రత్యూష తలెత్తింది.

"నిన్నటినించీ. ఆ తేలిక గేరు వేస్తే ఎక్కువవతా ఉండె. అందుకని అది వెయ్యకుండానే నెట్టుకొస్తా ఉండా. నీకు చెప్తే బండి ఆటోలో ఎక్కించి ఇంటికి పొమ్మంటావని. స్కూల్లో అందరికీ చెప్పుకుని వచ్చినా గదా, సూళ్లూరుపేట దాకా పోతానని. నీళ్ళలో భయపడి అదే గేరు వేసినా."

"మరి ఇందాక చెప్పినప్పుడు..."

"చెప్పబుద్ధి కాలా. నీ మీద కోపం వచ్చింది. ఇప్పుడూ ఉంది." ఆమె చీర కొంగు చేతికి చుట్టుకుని విప్పింది. "నువ్వు నీళ్ళలో మునిగినప్పుడు మీ అన్నకి ఏం చెప్పాలా అని అనుకున్నా. నిన్ను లాగాలని కాదు మే, ముందు అదే అనుకున్నా. అంత భయమేసింది."

ప్రత్యూష కొంచెం జరిగి ఆమె భుజానికి ఆనుకుంది. ధనలక్ష్మి ఆ భుజం తీయలేదు, చెయ్యి వేయనూ లేదు.

తెల్లారేసరికి వాయుగుండం తీరం దాటింది. రెండు రోజుల తర్వాత ఏరు తగ్గితే హెబ్రోను వెళ్ళి వెతికాడు. ప్రత్యూష సైకిలు సరుగుడు మొదళ్ళలో బురద పట్టి దొరికింది. ధనలక్ష్మిది దొరకలేదు. ప్రవీణ్ కారు తెచ్చుకుని వచ్చి, ఏమీ అడగకుండా ఇద్దరినీ ఎక్కించుకున్నాడు. వదిన ముందు సీట్లో కూర్చుంది. దారిలో ప్రతి చప్టా దగ్గరా, నీళ్ళు లేకపోయినా, ప్రత్యూష సీటు అంచు గట్టిగా పట్టుకుంది. ముందు సీట్లో ధనలక్ష్మి కూడా తలుపు పిడి పట్టుకోవడం ఆమె చూసింది.